కరగిపోగా మిగిలిన కాసులు

అమెరికాలో ఉత్తర కరొలైనా రాష్ట్రంలో జాన్ రీడ్ అనే రైతు ఉండేవాడు. 1799లో ఆయన కొడుకు కాన్రాడ్, 12 ఏళ్లవాడు, పొలం పక్క వాగులో పచ్చగా మెరుస్తున్న రాయి ఒకటి కనిపిస్తే ఇంటికి మోసుకొచ్చాడు. దాని తూకం సుమారు 7.7 కిలోలు. అదేమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. బరువుగా ఉన్నది గదా అని, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. మూడేళ్లపాటు అది గుమ్మం దగ్గర అట్లాగే పడి ఉన్నది. 1802లో ఒక నగల వర్తకుడు దాన్ని చూసి ఎంతకిస్తావని అడిగితే, రీడ్ ఆలోచించి మూడున్నర డాలర్లు చెప్పాడట. ఆనాటి ధరకే అది 3,600 డాలర్ల బంగారం!

ఈ కథ విన్నవారు రీడ్‌ను చూసి నవ్వుకుంటారు. కాని బంగారమని తెలియక పోగొట్టుకోవడం ఒక రకమైతే, బంగారమని తెలిసి, అంతకు మించి ఏమీ తెలియక పోగొట్టుకోవడం రెండో రకం. ఈ రెండో రకం మన ఇళ్లలో ఎక్కువ. కాసు అంటే మొదట నాణెం. రానురాను అది తూకమైపోయింది. ఆంధ్రదేశంలో ఎనిమిది గ్రాములంటే కాసు. అరవదేశంలో స్థిరపడిన మనవారికి అదే సవరను. పెట్టె అడుగున పాత నాణెం ఏది కనిపించినా మనం మొట్టమొదట అడిగేది, "ఎంత తూగుతుంది?" అని. తరువాతి మజిలీ షరాబు కొట్టు, ఆ తరువాత మూస. నాణెం మీద అచ్చయిన సంవత్సరం ఏమిటో చదివేవారు నూటికి ఒకరుండరు.

అట్లా చదవడం మొదలుపెడితే ఎంత దూరం పోవచ్చునో చెప్పడానికి పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా బంగారు నాణేలకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

ముందు వాటి పేర్లు. పది డాలర్ల బంగారు నాణేన్ని అమెరికావారు 'ఈగిల్' అన్నారు. వెనుకవైపు గద్ద బొమ్మ ఉంటుంది. అయిదు డాలర్లది హాఫ్ ఈగిల్, రెండున్నర డాలర్లది క్వార్టర్ ఈగిల్, ఇరవై డాలర్లది డబుల్ ఈగిల్. ఇవిగాక ఒక డాలరు నాణెం, మూడు డాలర్ల నాణెం కూడా కొన్నాళ్లు చెలామణి అయినవి. 1837 తరువాత అన్నింటిలోనూ బంగారం నూటికి తొంభై పాళ్లు. హాఫ్ ఈగిల్ తూకం 8.36 గ్రాములు, అంటే మన కాసుకు రవ్వంత ఎక్కువ. డబుల్ ఈగిల్ 33.44 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే అరచేతికి బరువు తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒక నాణెం అపురూపమైనదని దేన్నిబట్టి చెబుతారు? టంకసాలలో ఎన్ని అచ్చువేశారో దాన్నిబట్టి అని ఎవరైనా అంటారు. ఆ మాట సగమే నిజం. 1822లో ఫిలడెల్ఫియా టంకసాల 17,796 హాఫ్ ఈగిళ్లు అచ్చువేసినట్లు లెక్కలున్నవి. ఆ సంవత్సరం ముద్రతో ఈనాడు మిగిలినవి మూడంటే మూడు. రెండు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఉన్నవి. మూడోదాన్ని 2021 మార్చిలో వేలం వేస్తే 84 లక్షల డాలర్లు పలికింది. దానిలో ఉన్న బంగారం మన కాసు ఎత్తే!

మిగిలిన వేల నాణేలు ఏమైనట్లు? దొంగలెత్తుకుపోలేదు, సముద్రంలోనూ మునగలేదు. మూసలో కరగిపోయినవి. కరగడానికి కారణం ఒక చిన్న లెక్క. అమెరికావారు 1792లో నాణేల చట్టం చేసినప్పుడు ఒక పాలు బంగారానికి 15 పాళ్ల వెండి సమానమని నిర్ణయించారు. ఐరోపా బజారులో అప్పటికే ఒక పాలు బంగారానికి సుమారు పదిహేనున్నర పాళ్ల వెండి వస్తున్నది. వర్తకుడికి ఇంతకంటే ఏం కావాలి? ఇక్కడ వెండి ఇచ్చి బంగారు నాణేలు పోగుచేయడం, ఓడ ఎక్కించడం, అక్కడ కరగించి అమ్ముకోవడం. టంకసాల ముందు ద్వారాన అచ్చువేస్తుంటే దేశం వెనుక ద్వారాన నాణేలు జారిపోయినవి. విసిగిపోయిన ప్రభుత్వం 1804తో పది డాలర్ల నాణెం అచ్చు మానేసింది. మళ్లీ 1838 దాకా దాన్ని ముట్టుకోలేదు.

1834లో చట్టం మార్చి నాణెంలో బంగారం తగ్గించారు. పాత అయిదు డాలర్ల నాణెంలో సుమారు 8.02 గ్రాముల మేలిమి ఉంటే కొత్తదానిలో 7.52 గ్రాములే. దాంతో పాత అయిదు డాలర్ల నాణెం, కొత్త లెక్కన అయిదు డాలర్ల ముప్ఫైమూడు సెంట్లు చేసింది. ముప్ఫైమూడు సెంట్లంటే ఆ రోజుల్లో తక్కువ సొమ్ము కాదు. పాతది ఎవరి చేతికి వచ్చినా నేరుగా కరగించడానికే ఇచ్చారు. ఇందులో వారి తప్పేమీ లేదు, మనమైనా అదే పని చేసి ఉండేవాళ్లం. అయితే ఆ ముప్ఫైమూడు సెంట్ల లాభానికి కరగిపోయిన వాటిలో ఒక్క 1822 నాణెం ఎవరి డబ్బాలోనైనా మరుగున పడి ఉంటే ఈనాడు దాని సంగతి ఎట్లా ఉండేదో చెప్పనక్కరలేదు.

అచ్చువేసినవే తక్కువైన నాణేల కథ వేరు. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో సటర్ అనే ఆయన కోత మిల్లు దగ్గర బంగారం బయటపడింది. లోకమంతా అటు పరుగెత్తింది. 1854లో శాన్ ఫ్రాన్సిస్కోలో టంకసాల తెరిచారు. గని బంగారంలో కలిసి వచ్చే వెండిని విడదీయడానికి ఆమ్లాలు కావాలి. ఆ కొత్త ఊళ్లో అవి చాలినంత దొరకలేదు. శుద్ధిచేసిన కొద్ది బంగారాన్ని ఎక్కువగా ఇరవై డాలర్ల నాణేలకే వాడారు. ఆ సంవత్సరం డబుల్ ఈగిళ్లు 1,41,468 తయారైతే హాఫ్ ఈగిళ్లు 268 మాత్రమే, క్వార్టర్ ఈగిళ్లు 246 మాత్రమే తయారైనవి.

ఆ 268లో చాలాకాలం మూడే ఉన్నవని లెక్క. ఒకటి స్మిత్సోనియన్‌లో ఉన్నది. ఒకటి 1967లో ఫ్లోరిడాలో ఒక ధనిక కుటుంబం ఇంట్లో తుపాకులతో జరిగిన దోపిడిలో పోయింది. మూడోది సేకర్తల చేతుల్లో తిరిగింది. ఇంతలో 2018లో ఒకాయన నాలుగోదాన్ని పట్టుకొచ్చాడు. అంతకు ముందు ఆయన దాన్ని వర్తకులకు చూపితే, ఇంత అపురూపమైనది నీ దగ్గర ఎట్లా ఉంటుంది, ఇది నకిలీ అన్నారట. నాణేల పరీక్ష సంస్థవారు స్మిత్సోనియన్ నాణెం ఛాయాచిత్రాలతో పోల్చి చూసి అసలైనదేనని తేల్చారు. అదే సంవత్సరం ఆగస్టులో అది 21 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడయింది. "ఉండడానికి వీల్లేదు" అన్న మాట విని ఆయన దాన్ని షరాబుకు తూకానికి ఇచ్చి ఉంటే ఏమయ్యేది?

ఇక్కడ ఒక ముఖ్యమైన గుర్తు గురించి చెప్పాలి. ఏ టంకసాలలో అచ్చయిందో తెలిపే చిన్న అక్షరం నాణెం మీద ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కోకు 'ఎస్', న్యూ ఆర్లియన్స్‌కు 'ఓ', నెవాడాలోని కార్సన్ సిటీకి 'సీసీ', షార్లెట్‌కు 'సీ', జార్జియాలోని డలోనెగాకు 'డీ'. ఫిలడెల్ఫియాలో అచ్చయిన వాటి మీద ఏ అక్షరమూ ఉండదు. చాలావాటిలో ఈ అక్షరం వెనుకవైపు గద్ద కింద ఉంటుంది, భూతద్దం లేకపోతే కంటికి ఆనదు. మన దేశంలోనూ ఇట్లాంటిది ఒకటున్నది. 1918లో బొంబాయిలో బ్రిటిషు సవరన్లు అచ్చువేశారు. గుర్రం కాళ్ల కింద నేలమీద 'ఐ' అనే అక్షరం ఉంటే అది బొంబాయిదన్నమాట. మీ ఇంట్లో సవరను ఉంటే ఒకసారి తీసి చూడండి, ఖర్చేమీ లేదు.

ఆ ఒక్క అక్షరం వెనుక ఎంత చరిత్ర ఉంటుందో డలోనెగా చెబుతుంది. అక్కడి కొండల్లో బంగారం దొరికితే 1838లో టంకసాల పెట్టారు. 1861లో దక్షిణ రాష్ట్రాలు విడిపోయి అంతర్యుద్ధం వచ్చింది. తిరుగుబాటుదార్లు టంకసాలను స్వాధీనం చేసుకుని, మిగిలిన కాస్త బంగారంతో ఒక డాలరు నాణేలు కొన్ని అచ్చువేశారు. ఎన్ని వేశారో ఎవరూ లెక్క రాయలేదు. ఆ ఏడాదితోనే టంకసాల మూతపడింది. నాణెం మీద మాత్రం ఎప్పటి మాటే, 'అమెరికా సంయుక్త రాష్ట్రాలు' అని. ఆ రాష్ట్రాల మీద తిరగబడినవారు అచ్చువేసిన నాణెం! 1.67 గ్రాముల బంగారం, గోటి మీద నిలుస్తుంది. న్యూ ఆర్లియన్స్‌లో అదే సంవత్సరం డబుల్ ఈగిళ్లు అచ్చువేసిన చేతులు మూడు. మొదట కేంద్ర ప్రభుత్వం, తరువాత లూయిసియానా రాష్ట్రం, ఆపైన తిరుగుబాటు ప్రభుత్వం. మొత్తం 17,741.

రెండో పెద్ద మూస 1933లో వెలిగింది. ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు కూలుతుండగా ప్రెసిడెంటు రూజ్వెల్టు ఏప్రిల్ 5న ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రజలు తమ దగ్గరి బంగారు నాణేలను, కడ్డీలను బ్యాంకులకు అప్పగించాలి. మనిషికి 100 డాలర్ల నాణేలు మాత్రం ఉంచుకోవచ్చు. మరుసటి సంవత్సరం ఔన్సు ధర 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచారు. అప్పగించిన నాణేలను కరగించి కడ్డీలు పోశారు. మన పెద్దలకు 1963 నాటి బంగారు నియంత్రణ గుర్తుండే ఉంటుంది. 14 క్యారట్లకు మించి నగ చేయకూడదన్న రోజులు, బంగారప్పనివారి ఇళ్లల్లో పొయ్యి వెలగని రోజులు. 1968లో అది చట్టమై 1990 దాకా నిలిచింది. అమెరికావారి నిషేధం 1974 డిసెంబరు చివర తొలగింది.

ఆ ఉత్తర్వులో ఒక చిన్న మినహాయింపు ఉన్నది. సేకర్తల దృష్టిలో ప్రత్యేకమైన విలువ ఉన్న అపురూప నాణేలను ఇవ్వనక్కరలేదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు. బాల్టిమోరులో లూయీ ఎలియాస్‌బర్గ్ అనే బ్యాంకరు ఆ దారిలో సేకరణ సాగించి, 1950 నాటికి అమెరికా నాణేలలో తెలిసిన ప్రతి సంవత్సరానిది, ప్రతి టంకసాలది ఒక్కొక్కటి సంపాదించాడు. మందుల కంపెనీ అధిపతి జొసయా లిల్లీ 6,000 పైగా బంగారు నాణేలు కూడబెడితే, ఆయన పోయిన తరువాత 1968లో అవి స్మిత్సోనియన్‌కు చేరినవి. ధనవంతుల వేడుక అని కొట్టిపారేయవచ్చు. కాని ప్రభుత్వం కరగించినదాన్ని నిలబెట్టినవారు వీరే.

పోయినవి కొన్ని తిరిగివచ్చినవి కూడా. 1857 సెప్టెంబరు 12న 'సెంట్రల్ అమెరికా' అనే ఓడ కాలిఫోర్నియా బంగారం తీసుకుని న్యూయార్కు పోతూ తుపానులో మునిగింది. 425 మంది జలసమాధి అయినారు. 1988లో ఓడ జాడ దొరికి, అడుగునుంచి 1857 'ఎస్' డబుల్ ఈగిళ్లు 5,000 పైచిలుకు తీశారు. బంగారానికి ఉప్పునీళ్లు అంటవు గదా, కొన్ని నిన్న అచ్చయినట్లున్నవి. అంతవరకు ఆ సంవత్సరపు నాణెం చెలామణిలో అరగకుండా దొరకడం గగనం. ఇప్పుడు ఆ కాలపు డబుల్ ఈగిళ్లలో అరగనిది కావాలంటే అందరూ చూపేది అదే. అపురూపత్వం శాశ్వతం కాదన్నమాట. అధిక ధర పెట్టి కొనేవారు ఈ సంగతి మరువకూడదు.

2013లో కాలిఫోర్నియాలో ఒక భార్యాభర్తలు తమ స్థలంలోనే కుక్కను తిప్పుతూ, మట్టిలోంచి పైకి తేలిన తుప్పుపట్టిన డబ్బాను చూశారు. వెదకగా వెదకగా ఎనిమిది డబ్బాలు దొరికినవి. వాటిలో 1,427 బంగారు నాణేలున్నవి: 1,373 ఇరవై డాలర్లవి, 50 పది డాలర్లవి, 4 అయిదు డాలర్లవి. ముఖవిలువ 27,980 డాలర్లు. నిపుణులు కట్టిన విలువ సుమారు కోటి డాలర్లు. సంవత్సరాలు 1847 నుంచి 1894 దాకా. పాతిపెట్టినది ఎవరో తేలలేదు. వాటిలో ఒకటి 1866 'ఎస్' డబుల్ ఈగిల్. ఆ సంవత్సరం నుంచి నాణెం వెనుక 'దేవునియందు మా విశ్వాసం' అన్న మాట చేర్చారు. కొత్త అచ్చుదిమ్మెలు శాన్ ఫ్రాన్సిస్కో చేరేలోపల పాత దిమ్మెలతో కొన్ని వేసేశారు. ఆ మాట లేనివి తక్కువ కనుక వాటికే గిరాకీ.

విలువ కట్టేటప్పుడు సంవత్సరం, అక్షరం తరువాత చూసేది అరుగుదల. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పెద్ద రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 వరకు మెట్లు కట్టాడు. తరువాత అన్ని నాణేలకూ అదే కొలత అయింది. 60, ఆపైన అయితే చెలామణిలోకి పోనిదని అర్థం. అయినా దెబ్బలు తగలనిదని కాదు. డబుల్ ఈగిళ్లు బ్యాంకు సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుని గాట్లు పడినవి. 1986, 1987లలో పీ.సీ.జీ.ఎస్., ఎన్.జీ.సీ. అనే సంస్థలు వచ్చి, నాణేన్ని పరీక్షించి, మెట్టు రాసి, గట్టి బిళ్లలో మూసి ఇవ్వడం మొదలుపెట్టినవి. వారి మాటే వేదమని నేననను. ఒకే నాణేన్ని రెండుసార్లు పంపితే రెండు మెట్లు వచ్చిన సందర్భాలున్నవి. కాని ముక్కూమొగం తెలియని అమ్మకందారు మాటకంటే అది నయం.

మన ఇళ్లల్లో జరిగే నష్టం రెండు చోట్ల. మొదటిది శుభ్రం చేయడం. పండుగకు నగలు కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో రుద్దినట్లు నాణేన్నీ రుద్దుతారు. తళతళలాడుతుంది, నిజమే. కాని ఆ పైపొర మీది సన్నని గీతలు భూతద్దం కింద వెంట్రుకల్లా కనబడతవి, సేకర్త వెంటనే పక్కకు నెడతాడు. రెండోది టంకం. పై అంచున చిన్న కొక్కెం అతికించి గొలుసుకు వేయడం మనకే గాదు, అమెరికాలోనూ ఆనవాయితీ. కొక్కెం తీసి అరగదీసినా మచ్చ పోదు. నగగా అది ముచ్చటగానే ఉంటుంది. మామూలు సంవత్సరపు నాణెమైతే పెద్ద నష్టమూ లేదు, ఎందుకంటే 1890ల నాటి డబుల్ ఈగిళ్లు చాలావరకు బంగారం ధరకు కాస్త ఎగువనే అమ్ముడుపోతవి. ఏది మామూలుదో, ఏది కాదో చూడకుండా టంకం పెట్టడమే కూడనిది.

గీటురాయిని నమ్ముకునేవారికి ఒక హెచ్చరిక. మూడు డాలర్ల నాణెంలో మేలిమి నాలుగున్నర గ్రాములే, సేకర్తలు ఇచ్చే ధర అందుకు ఎన్నో రెట్లు. కనుక నకిలీ చేసేవాడు అసలు బంగారంతోనే చేస్తాడు. 1960లలో లెబనానులో ఇట్లాంటివి విరివిగా తయారైనవి. తూకం సరిపోతుంది, వన్నె సరిపోతుంది, గీటురాయి తప్పు పట్టదు. నాణెం మాత్రం నాణెం కాదు. ఒకే అచ్చుతో చేసినవి కనుక ఒకే చోట ఒకే గుంట అన్నిటిలోనూ కనిపిస్తుంది. మామూలు నాణేనికి 'ఎస్' లేక 'డీ' అక్షరం అతికించడం మరో విద్య. అక్షరం మొదట్లో సన్నని చీలిక కనిపిస్తే అనుమానించాలి. వెనకటి మోసాలు కొంచెం సరదాగా ఉండేవి. 1883లో వచ్చిన అయిదు సెంట్ల నికెలు నాణెం మీద రోమను అంకె అయిదు మాత్రమే వేసి 'సెంట్లు' అన్న మాట వేయడం మరిచారు. కొందరు దానికి బంగారు పూత పూసి అయిదు డాలర్లుగా మార్చేశారు! కొద్ది నెలల్లోనే ఆ మాట చేర్చవలసి వచ్చింది.

ఎలియాస్‌బర్గ్ బంగారు నాణేలను 1982లో వేలం వేశారు. అందులో రెండు నాణేలు సరిగ్గా ఒకే ధర, 6,87,500 డాలర్లు పలికినవి. ఒకటి మొదట చెప్పుకున్న 1822 హాఫ్ ఈగిల్. రెండోది 1870లో శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చయిన మూడు డాలర్ల నాణెం. లోకంలో కనిపించేది అదొక్కటే. దాని వెనుకవైపు ఎవరో 893 అని సన్నగా గీశారు, ఎందుకో తెలియదు. ఒకప్పుడు నగలో ఉన్న జాడ కూడా దాని మీద ఉన్నది. జోడు లేనిది కాబట్టి అన్నీ క్షమించారు. 2023 జనవరిలో 55 లక్షల 20 వేల డాలర్లకు పోయింది. అట్లాంటిదే ఇంకొకటి, ఆ సంవత్సరం వేసిన కొత్త టంకసాల భవనం శంకుస్థాపన రాతిలో మిగతా నాణేలతోపాటు ఉంచారని చెబుతారు. 1906 భూకంపానికి, ఆ తరువాతి అగ్నిప్రమాదానికి నగరమంతా నేలమట్టమైనా ఆ భవనం నిలిచింది. ఇప్పటికీ అయిదవ వీధిలో ఉన్నది. ఆ రాయిని మాత్రం ఎవరూ తెరవలేదు.